నేపుల్స్‌లో షిప్ టూర్ తీసుకోవాలా, మనంతట మనమే పాంపే వెళ్లి రావాలా?

కృష్ణలంక_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మేం మ్యూనిక్‌లో ఉంటాం. అమ్మానాన్నలు బెజవాడ నుంచి వచ్చారు. జూన్‌లో వాళ్లతో కలిసి వారం రోజుల మెడిటరేనియన్ క్రూయిజ్ బుక్ చేశాం. జెనోవా, సివిటవెక్కియా, నేపుల్స్, పలెర్మో, ట్యునిస్, బార్సిలోనా. నేపుల్స్‌లో షిప్ పొద్దున 8కి ఆగి సాయంత్రం 6కి బయల్దేరుతుంది. 5:30 కల్లా ఎక్కేయాలట. అక్కణ్నుంచి పాత రోమన్ ఊరు పాంపే చూపించడానికి షిప్ వాళ్ల టూర్ మనిషికి 89 యూరోలు. మా ఆవిడ, ఆరేళ్ల బాబుతో కలిపి ఐదుగురం. బాబుకి కాస్త తగ్గించినా 400 దాటుతోంది. నాన్నకి 68, బాగానే నడుస్తారు కానీ షుగర్, బీపీ ఉన్నాయి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ట్రైన్‌లో వెళ్తే ఇందులో మూడో వంతు కూడా అవదంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

పెసరట్టు:
పాంపేలో అల్లం చట్నీ దొరకదు. అది మనసులో పెట్టుకుని డిసైడ్ అవ్వండి.

బాటసారి:
ఇందులో ఆలోచించడానికేముంది? ట్రైనే. ఇటలీలో ఇంత సులువైన పోర్ట్ నేను చూడలేదు. సివిటవెక్కియా నుంచి రోమ్ 80 కిలోమీటర్లు. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ దాదాపు గంటన్నర. నేపుల్స్‌లో మాత్రం షిప్ ఊరి నడిబొడ్డునే ఆగుతుంది. దిగి కాస్త నడిస్తే మున్సిపియో మెట్రో. అక్కణ్నుంచి మూడో స్టేషన్ గారిబాల్డి. ఆ స్టేషన్ కిందే సర్కమ్‌వెసువియానా అని లోకల్ రైలు ఉంటుంది, సొరెంటో వైపు వెళ్లేది ఎక్కాలి. ఒక కిటుకు చెప్తాను. ఆ రైలు గారిబాల్డిలో బయల్దేరదు, దాని ముందు స్టేషన్ పోర్టా నోలానాలో బయల్దేరుతుంది. అక్కడికే వెళ్లి ఎక్కితే సీటు దొరుకుతుంది. గారిబాల్డిలో ఎక్కితే సంక్రాంతి ముందురోజు సికింద్రాబాద్ స్టేషన్ గుర్తొస్తుంది. జేబులు జాగ్రత్త.

దిగాల్సిన స్టేషన్ పేరు 'పాంపే స్కావి, విల్లా డెయ్ మిస్తేరి'. పాంపే పేరుతో వేరే లైన్లో ఇంకో స్టేషన్ ఉంది, తికమక పడొద్దు. ప్రయాణం 40 నిమిషాల లోపే. దిగితే గేటు దగ్గరే. ఎంట్రీ టికెట్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. 2024 నవంబర్ నుంచి రోజుకి 20,000 మందినే పంపిస్తున్నారు, టికెట్ మీద పేరు కూడా ఉంటుంది. మీ బాబుకి ఉచితం, 18 ఏళ్ల లోపు వాళ్లకి డబ్బులు లేవు. స్టేషన్ బయట 'ఇన్ఫర్మేషన్' అని బోర్డు పెట్టుకుని కూర్చునేవాళ్ల మాట వినకండి, వాళ్లు అమ్మేది టూర్లు.

నేనూ ఒకసారి షిప్ టూర్ తీసుకుని బుద్ధి తెచ్చుకున్నవాడినే. పాంపేలో ఉంచింది గంటా నలభై నిమిషాలు. దారిలో టోర్రె డెల్ గ్రెకోలో కామియోల షాపులో, అదే గవ్వ మీద బొమ్మలు చెక్కే చోట, నలభై నిమిషాలు! క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన ఊరు చూడ్డానికి వచ్చి ఉంగరాలు చూశాను.

లలిత_ఎన్:
కృష్ణలంక గారూ, ఆయన మాట విని ఆవేశపడకండి. బాటసారి గారూ, అమ్మగారికి మోకాళ్ల నొప్పులని ఆయన స్పష్టంగా రాశారు. మీరు అంత పొడుగు రాశారు, అందులో మోకాలన్న మాటే లేదు. పాంపే రోడ్లంటే పెద్ద పెద్ద నల్లరాళ్లు, మధ్యలో బండి చక్రాల గాడులు. రోడ్డు దాటాలంటే ఎత్తుగా వేసిన రాళ్ల మీద అడుగులు వేయాలి. మెట్రో మెట్లు, మళ్లీ లోకల్ రైలు మెట్లు, ఆ తర్వాత ఈ రాళ్లు.

మా సంగతి వినండి. 2019లో లివోర్నోలో దిగి ఇలాగే 'ట్రైనే' అనుకుని ఫ్లోరెన్స్ వెళ్లాం. ఆరుగురం, అత్తయ్య, మావయ్య, ఆడపడుచు వాళ్లతో కలిపి. అక్కడ కాగితం టికెట్ కొంటే సరిపోదు, ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. పరుగున ఎక్కాం, వేయించలేదు. టీసీ వచ్చి ఆరుగురికీ ఫైన్ రాశాడు. బోగీలో అందరూ మమ్మల్నే చూశారు. ఆదా అనుకున్నది అక్కడికే పోయింది.

బాటసారి:
ముద్ర వేయించుకోవాలని టికెట్ మీదే ఉంటుందండీ. అది మీరు చదవకపోతే ఇటలీ తప్పా, ట్రైన్ తప్పా?

లలిత_ఎన్:
నా తప్పే. ఎవరి తప్పని నేను అడగలేదు. ఏం జరిగిందో చెప్పాను.

బాటసారి:
అదేనండీ నేనంటున్నది. ముద్ర వేయించుంటే ఫైన్ లేదు, ఫైన్ లేకపోతే మీ ఉదాహరణే లేదు. పైగా ఇప్పుడు ఫోన్లో కొనుక్కోవచ్చు, ముద్ర బదులు ఎక్కేముందు ఫోన్లోనే చెక్-ఇన్ నొక్కితే చాలు. ఒక్క ముద్ర కోసం ఐదుగురి చేత 400 యూరోలు కట్టించమంటారా?

విశాఖ_అల:
మా వైజాగ్‌లో కూడా 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. అక్కడ దిగినవాళ్లు మా ఆటోవాళ్లతో ఒకసారి బేరమాడితే, ప్రపంచంలో ఏ పోర్ట్‌లోనైనా బతికేస్తారు.

ఇంజిన్‌రూం:
నేను ఎనిమిదేళ్లు క్రూయిజ్ షిప్పుల్లో పనిచేశాను. ముద్ర సంగతి పక్కన పెట్టి అసలు లెక్క చూడండి. మీరు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు కార్డు స్కాన్ చేస్తారు కదా, టైమ్ అయ్యేసరికి ఎవరు రాలేదో స్క్రీన్ మీద కనిపిస్తుంది. మైకులో పేర్లు పిలుస్తారు. షిప్ వాళ్ల టూర్ బస్సే ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, ఆగలేకపోతే తర్వాతి పోర్ట్‌కి చేర్చే ఖర్చు వాళ్లదే. మీ అంతట మీరు వెళ్లి ఆలస్యమైతే కెప్టెన్ కాసేపు చూస్తాడేమో, చూడాలన్న రూలు లేదు. గది లాకర్లో పాస్‌పోర్టులుంటే తీసి పోర్ట్ ఏజెంట్‌కి, అంటే ఆ ఊళ్లో షిప్ కంపెనీ తరఫు మనిషికి, ఇచ్చి షిప్ కదిలిపోతుంది.

2024 మార్చిలో ఆఫ్రికా దగ్గర సావో టోమే దీవిలో ఇలాగే ఎనిమిది మంది ప్రైవేట్ టూర్‌కి వెళ్లి ఆలస్యమయ్యారు. వార్తల్లో వచ్చింది. కోస్ట్‌గార్డ్ పడవలో షిప్ దాకా తీసుకెళ్లినా ఎక్కించుకోలేదు. పాపం దేశాలు దాటుకుంటూ పోయి చివరికి సెనెగల్‌లో షిప్ పట్టుకున్నారు.

ఇటలీలో ఇంకోటి, సమ్మెలు. ప్రభుత్వ రీజనల్ రైళ్లకి మామూలు రోజుల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని సర్వీసులకి గ్యారంటీ ఉంటుంది. పాంపే వెళ్లే సర్కమ్‌వెసువియానా మాత్రం వేరే కంపెనీది, దాని గ్యారంటీ వేళలు వేరు. వెళ్లేముందు చూసుకోండి.

బాటసారి:
సావో టోమే ఎక్కడ, నేపుల్స్ ఎక్కడ సార్? ఆయనకి తర్వాతి పోర్ట్ పలెర్మో. నేపుల్స్ నుంచి పలెర్మోకి రాత్రి పూట ఫెర్రీ ఉంటుంది, పొద్దున్నే దిగొచ్చు. షిప్ తప్పిపోతే ప్రాణం పోయినట్టు ఎందుకు భయపెడతారు?

ఇంజిన్‌రూం:
మీరు బ్యాగ్ తగిలించుకుని ఫెర్రీ ఎక్కుతారు, నాకు అనుమానం లేదు. 68 ఏళ్లాయన బీపీ మాత్రలు షిప్‌లో గదిలో ఉంటాయి.

సునంద:
ట్యునిస్ ఉందన్నారుగా. అమ్మానాన్నల షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా? ముందు అది చూసుకోండి. అది ఆఫ్రికాలో ఉంది, అక్కడికెళ్తే షెంగెన్ దేశాల నుంచి బయటికెళ్లినట్టే లెక్క, మళ్లీ లోపలికి రావాలి.

కృష్ణలంక_కుర్రాడు:
మల్టిపులే అండి, చూసుకున్నాను. థాంక్స్. షిప్ టూర్‌లో బాత్రూం ఎక్కడెక్కడ ఆపుతారో ఎవరికైనా తెలుసా? నాన్నకి గంట గంటకీ కావాలి.

లలిత_ఎన్:
బాటసారి గారు తిట్టిన కామియో షాపుంది చూశారా, బస్సు అక్కడ ఆపేది అమ్మకానికే, కాదనను. కానీ మాకు ఇంకో ట్రిప్‌లో అలాంటి షాపులోనే శుభ్రమైన బాత్రూం దొరికింది, మావయ్య కూర్చోడానికి కుర్చీ దొరికింది. ఆయన ఆ ట్రిప్ మొత్తంలో మెచ్చుకున్నది ఆ షాపునే.

బాటసారి:
400 యూరోలకి బాత్రూం! బాగుంది. నేపుల్స్‌లో ఏ కాఫీ బార్‌లోనైనా ఒక ఎస్ప్రెసో తాగితే వెళ్లనిస్తారండీ.

లలిత_ఎన్:
లోకల్ రైల్లో నిలబడి ఉన్నప్పుడు వస్తే ఏ బార్‌లోకి వెళ్లాలి?

బాటసారి:
40 నిమిషాలు ఆపుకోలేనివాళ్లు రెండు గంటలు రాళ్ల మధ్య పాంపే ఎలా చూస్తారు? నిజం చెప్పాలంటే, మీలాంటివాళ్లకి ఊరు చూడాలని ఉండదు. కర్రకి నంబరు కట్టి పైకెత్తినవాడి వెనకాల మందలా నడిచి, ఫొటో దిగి, బఫే టైమ్‌కి వచ్చేయాలి. దానికి ఇటలీ దాకా ఎందుకు?

పెసరట్టు:
అబ్బో. టీ పెట్టుకుని వస్తానుండండి.

లలిత_ఎన్:
ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి. ఆ రోజు ఫ్లోరెన్స్‌లో నేనేం చూశానో తెలుసా? నా ఫోను చూశాను. మ్యాప్ నా ఫోన్లో, టికెట్లు నా బ్యాగులో, అత్తయ్య మాత్రల డబ్బా నా దగ్గర, పులిహోర డబ్బా నా దగ్గర. ఆ పెద్ద చర్చి ముందు అందరూ మెడలెత్తి గోపురం చూస్తుంటే నేను తిరుగు రైలు ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుందో చూస్తున్నాను. ఆరుగురు వెళ్లాం, ఐదుగురు ఫ్లోరెన్స్ చూశారు. ఫైన్ పడినప్పుడు టీసీ మొహం ఎవరూ చూడలేదు, అందరూ నా మొహమే చూశారు. 'లలిత ప్లాన్ చేసింది' అని ఇప్పటికీ ప్రతి పెళ్లిలో ఆ కథ చెప్పి నవ్వుతారు. మా ఆయనతో సహా.

బస్ టూర్ తీసుకున్న రోజు బస్సు ఆలస్యమైతే బస్సుది తప్పు. ఎండగా ఉంటే గైడ్‌ది తప్పు. నేను కిటికీ పక్కన కూర్చుని, పాంపేని పూడ్చేసిన ఆ వెసూవియస్ కొండ చూశాను. నేను ఆ డబ్బు కట్టింది దానికి. మీరు దాన్ని మంద అంటారు.

నిర్వాహకుడు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్తాం.

బాటసారి:
'మీలాంటివాళ్లు' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అది ఇంట్లో పని పంచుకోవడం గురించిన సమస్య, ట్రైన్ సమస్య కాదు. ఒకరికి మ్యాప్, ఒకరికి టికెట్లు అప్పజెప్తే సరిపోయేది.

లలిత_ఎన్:
మీరు ఎంతమందితో వెళ్తుంటారు?

బాటసారి:
ఎక్కువగా ఒక్కణ్నే. మా ఆవిడ రెండుసార్లు వచ్చింది. తర్వాత రానంది.

లలిత_ఎన్:
ఆవిడ ఎందుకు రానన్నారో కనుక్కున్నారా?

బాటసారి:
ఇది ఆవిడ గురించిన చర్చ కాదండీ.

కృష్ణలంక గారూ, మోకాళ్ల గురించి రాయకపోవడం నా పొరపాటే. రైల్వే స్టేషన్ దగ్గరుండే పోర్టా మరీనా గేటు ఎత్తు మీద ఉంటుంది, అటు వద్దు. పియాజ్జా అంఫిటెయాట్రో గేటు నుంచి 'అందరికీ పాంపే' అని చదునైన దారి వేశారు, మూడు కిలోమీటర్ల పైనే ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది. ఎక్కువ మంది ఇటు రారు. పోర్ట్ దగ్గర టాక్సీ మాట్లాడుకుంటే నేరుగా ఆ గేటు దగ్గరే దింపుతాడు. ఎక్కకముందే మొత్తం రేటు ఎంతో, అక్కడ ఆగే టైమ్ కలిపా కాదా అడగండి. 4 గంటలకల్లా వెనక్కి వచ్చేలా పెట్టుకోండి.

ఇంజిన్‌రూం:
టాక్సీ మంచి మధ్యే మార్గం. మాత్రలు, పాస్‌పోర్టు కాపీ, పోర్ట్ ఏజెంట్ ఫోన్ నంబరు జేబులో పెట్టుకోండి. ఆ నంబరు గదిలోకి ముందురోజు రాత్రి వచ్చే కాగితంలో ఉంటుంది.

మర్రిచెట్టు:
నేను నెల్లూరు నుంచి. నాకు 71. మా అబ్బాయి కూడా మూడేళ్ల క్రితం ఇలాగే మమ్మల్ని ఓడ ఎక్కించాడు బాబూ. బస్సా, ట్రైనా అని కొడుకూ కోడలూ రాత్రి పన్నెండింటిదాకా వాదించుకున్నారు. పక్క మంచం మీద నేను మేలుకునే ఉన్నా. నాకు ఆ రోజు ఎక్కడికీ వెళ్లాలని లేదు. ఓడ ఖాళీ అయితే పైడెక్కు మీద కూర్చుని కాఫీ తాగుతూ ఆ ఊరు చూడాలనిపించింది. చెప్తే 'ఇంత ఖర్చు పెట్టి తీసుకొస్తే' అంటాడని వెళ్లా. మీ అమ్మగారిని అడిగారా?

పెసరట్టు:
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. నాతో సహా.

కృష్ణలంక_కుర్రాడు:
ఇప్పుడే అడిగాను. అమ్మ ఓడలోనే ఉంటుందట, 'ఆ రాళ్లు నేను చూడకపోతే ఏం' అంది. మా ఆవిడ కూడా ఆవిడతోనే ఉంటానంది. అది మాత్రం నేననుకోలేదు. లలిత గారి పోస్ట్ చదివింది తను, నాకంటే ముందే. నాన్న మాత్రం అగ్నిపర్వతం గురించి స్కూల్లో పాఠం చదివాడట, చూసి తీరాల్సిందేనంటున్నారు, అదీ రైల్లోనే కావాలట. రిటైర్డ్ రైల్వే మనిషి. కాబట్టి నేను, నాన్న, బాబు.

బాటసారి గారూ, పోర్టా నోలానా స్టేషన్‌లో బాత్రూం ఉంటుందా?