పెళ్లి బయోడేటాలో ‘అభిరుచులు’ దగ్గర యానిమల్ క్రాసింగ్ అని రాయవచ్చా?

దిబ్బరొట్టె:
నాకు ముప్పయ్యేళ్లు దాటాయి, బ్యాంకు ఉద్యోగం. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మధ్యవర్తికి ఇవ్వడానికి నాన్నగారు బయోడేటా తయారుచేసి, అభిరుచుల గడిలో ‘పుస్తక పఠనం, సంగీతం, క్రికెట్’ అని నింపారు. ఆఖరిసారి పుస్తకం ఎప్పుడు తెరిచానో నాకే గుర్తు లేదు. బ్యాంకు నుంచి వచ్చాక నిజంగా చేసే పని నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ యంత్రంలో యానిమల్ క్రాసింగ్ ఆడటం. తెలియనివారికి చెప్పాలంటే, మనకు ఒక దీవి, అందులో ఒక ఇల్లు, ఇరుగుపొరుగున మాట్లాడే జంతువులు ఉంటాయి. చేపలు, సీతాకోకచిలుకలు పట్టి మ్యూజియంకు ఇస్తాం. ఆ మ్యూజియం నడిపే గుడ్లగూబకు పురుగులంటే భయం. తుపాకులు లేవు, గెలుపోటములూ లేవు.

ఆ గడిలో ఇదే రాయమన్నాను. ‘బొమ్మలాట ఆడుకుంటాడని రాస్తే పిల్లనెవరిస్తారురా’ అన్నారు నాన్నగారు. అమ్మ అయితే ‘పెళ్లయ్యాక చెప్పుకో’ అంది. రాయాలా, వద్దా? మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
మీ నాన్నగారి మాటే సరైనది. బయోడేటా ఆత్మకథ కాదు బాబూ. పెళ్లిచూపులకు గడ్డం గీసుకుని వెళ్లడం మోసమా? ఇదీ అంతే. మా ఇంట్లోనూ పెళ్లీడుకు వచ్చిన అమ్మాయి ఉంది, రోజూ బయోడేటాలు చూస్తున్నాను. జంతువులతో కబుర్లు చెప్పే ఆట అని కనిపిస్తే ఆ కాగితం పక్కన పెట్టేస్తాను. అబ్బాయి చెడ్డవాడని కాదు. కరెంటు బిల్లు గడువు గుర్తుంటుందా, ఇంటి అప్పు వాయిదా కడతాడా అన్నదే నా సందేహం.

శ్రావణమేఘం:
మాస్టారూ, అప్పు సంగతి మీరే ఎత్తారు కనుక చెబుతాను. ఆ ఆటలో ఇల్లు కట్టుకోగానే 98,000 బెల్స్ అప్పు నెత్తిన పడుతుంది. బెల్స్ అంటే అక్కడి డబ్బు. అప్పిచ్చిన టామ్ నూక్ వడ్డీ అడగడు, గడువూ పెట్టడు. అయినా ఆడేవాళ్లు చేపలు అమ్మి, పండ్లు అమ్మి చివరి బెల్ దాకా తీరుస్తారు. ఆదివారం ఉదయం ఒక పంది పిల్ల టర్నిప్ దుంపలు అమ్మడానికి వస్తుంది. ఒక్కోటి 90 నుంచి 110 దాకా ఉంటుంది. సోమవారం నుంచి దుకాణంలో వాటి ధర ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పై ఆదివారానికి అమ్ముకోకపోతే కుళ్లిపోతాయి. ఆశకు పోయి శనివారం దాకా ఆగి నిండా మునిగిన పెద్దవాళ్లను నేను ఎరుగుదును. ఇందులో పిల్లతనం ఎక్కడుందో చెప్పండి.

ఇంకో మాట. రాత్రి పది కాగానే ఆ దుకాణం మూసేస్తారు. ఆటలో గడియారం మన గోడ గడియారంతోనే నడుస్తుంది. తెల్లవార్లూ కూర్చోబెట్టే తత్వం దానికి లేదు.

లెక్కల మాస్టారు:
తెల్లారేదాకా కూర్చోబెట్టదు, సంతోషం. కానీ మీరు చెప్పిన టర్నిప్‌ల లెక్కలు ఆ కాగితంలో కనబడవు కదమ్మా. కాగితం చూసేవాడికి కనబడేది బొమ్మ మొహం, గులాబీ రంగు.

పాత కంప్యూటర్:
అసలు విషయం అదే మాస్టారూ. ఆట లోపల ఏముందో ఎవరూ చూడరు, మొహం గుండ్రంగా ఉందా, రంగులు లేతగా ఉన్నాయా అని చూస్తారు. ఇదే అబ్బాయి తుపాకులతో కాల్చుకునే ఆట పేరు రాస్తే ‘కుర్రవాడు, పోనీలే’ అనేవారు. ఆ తుపాకుల ఆటను ఆడేవాళ్లలో పిల్లలూ ఉన్నారు!

2016 రియో ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో తర్వాతి ఆతిథ్య దేశం తరఫున జపాన్ ప్రధాని షింజో అబే నింటెండో ఆటల్లోని మారియో వేషంలో ఒక ఆకుపచ్చ గొట్టంలోంచి పైకి వచ్చారు. తలపై ఎర్ర టోపీ, చేతిలో ఎర్ర బంతి. అప్పుడు ఆయన వయసు 61. ప్రపంచమంతా చూస్తుండగా ఆయనకు లేని సిగ్గు మన దిబ్బరొట్టె గారికి ఎందుకు?

లెక్కల మాస్టారు:
ప్రధానులు ఉత్సవాలకు వేషాలు వేస్తారు. ఆ టోపీ పెట్టుకుని ఆయన నామినేషన్ వేయలేదు కదా. దేనికి ఏ వేదికో తెలియడమే పెద్దరికం. నేను అంటున్నదీ అదే.

శ్రావణమేఘం:
వేదిక అంటే గుర్తొచ్చింది. మా అత్తగారికి డెబ్బై దాటాయి. ఏటా దసరాకు మెట్లు కట్టి, తెల్ల గుడ్డ పరిచి బొమ్మల కొలువు పెడతారు. పది రోజుల ముందే మూకుళ్లలో మెంతులు చల్లి మొలకలు వచ్చేలా చూస్తారు, అది పొలం. అద్దం ముక్క చెరువు. చెరువు గట్టున బాతు ఎటు తిరిగి ఉండాలన్నదాని మీద మా ఆడపడుచుతో వాదన వేసుకుని మధ్యాహ్నం భోజనం మానేసిన రోజు కూడా ఉంది. పేరంటాళ్లంతా వచ్చి ‘ఎంత ఓపిక తల్లీ’ అని మెచ్చుకుని శనగలు తీసుకుని వెళతారు. దీవిలో చెట్టు ఇటు నాటాలా అటు నాటాలా అని ఆలోచించే మగవాణ్ణి మాత్రం పిల్లవాడంటారు. సంక్రాంతికి అల్లుళ్లు రాత్రంతా పేకాడితే అది పెద్దమనుషుల కాలక్షేపం! ఈ లెక్క ఏమిటో నాకు అంతుపట్టదు.

గడపలో గొబ్బెమ్మ:
మీ చర్చ బాగుంది కానీ మగవారికి ఇది సరదా చర్చ. నాకు స్టార్‌డ్యూ వ్యాలీ ఇష్టం, పొలం చేసుకునే ఆట. ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా ఒంటరిగా కూర్చుని తయారుచేసి 2016లో విడుదల చేశాడు. బొమ్మలూ ఆయనవే, సంగీతమూ ఆయనదే. పెళ్లిచూపుల్లో అభిరుచి ఏమిటని అడిగితే ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. అబ్బాయి తల్లిగారు కాఫీ గ్లాసు కింద పెట్టి ‘వంట ఎవరు చేస్తారమ్మా?’ అన్నారు. నేను ఆట గురించి మాట్లాడుతుంటే వంట ఎక్కడి నుంచి వచ్చిందో! ఆ సంబంధం కుదరలేదు. ‘అమ్మాయికి బాధ్యత తక్కువ’ అన్నారని మధ్యవర్తి చెప్పారు. మగవాడు ఆడితే పిల్లవాడు, ఆడది ఆడితే బాధ్యత లేనిది. మగవాడికి కనీసం ముద్దుపేరు దక్కుతుంది. మా అమ్మ మధ్యాహ్నమంతా ఫోనులో క్యాండీ క్రష్ ఆడుతుంది, దాన్ని మాత్రం ఎవరూ ఆట అనరు, ‘ఫోను చూసుకుంటోంది’ అంటారు.

అయినా దిబ్బరొట్టె గారూ, రాయండి. వద్దన్నవారి ఇంట్లో రోజూ వెలుతురు తగ్గించి, శబ్దం తగ్గించి దొంగచాటుగా ఆడుకోవడం కన్నా ఆ ఇంటికి వెళ్లకపోవడమే నయం.

దిబ్బరొట్టె:
గొబ్బెమ్మ గారూ, మీ మాట గట్టిగా తగిలింది. నేను ఆడే యానిమల్ క్రాసింగ్ (న్యూ హొరైజన్స్) 2020 మార్చి 20న విడుదలైంది, మన లాక్‌డౌన్‌కు ఐదు రోజుల ముందు. మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. విమానాలు లేని ఆ నెలల్లో ఆటలోని నా దీవికి వచ్చి పియర్స్ పండ్లు తెచ్చి గుమ్మం ముందు పడేసి వెళ్లేది. నా దీవిలో ఆపిల్స్ మాత్రమే కాస్తాయి. బయటి పండు ఐదు రెట్ల ధరకు అమ్ముడవుతుంది. అమ్మకు ఈ సంగతి తెలుసు, అయినా దాచమంటోంది. పేరు రాయకుండా ‘వీడియో గేమ్‌లు’ అని మాత్రం రాస్తే నాన్నగారు ఒప్పుకునేలా ఉన్నారు. అది మధ్యేమార్గమేమో.

లెక్కల మాస్టారు:
మధ్యేమార్గం కాదు, అన్నిటికన్నా చెడ్డ మార్గం. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే తెచ్చింది. మా ఊళ్లో వాటివల్ల పొలాలు అమ్ముకున్నవారున్నారు. ఇప్పుడు ఆడపిల్ల తండ్రి ‘గేమ్‌లు’ అన్న మాట చదివితే మొదట జూదం గుర్తొస్తుంది, అప్పులు గుర్తొస్తాయి. బాంబులాంటి మాట అది. వద్దనే ఇప్పటికీ అంటాను. రాసి తీరాలనుకుంటే మాత్రం పేరుతో సహా రాయండి, పక్కన ‘డబ్బు పందెం లేదు’ అని కూడా. అప్పుడు కనీసం ఏ కారణంతో పక్కన పెడుతున్నారో వాళ్లకైనా తెలుస్తుంది.

గడపలో గొబ్బెమ్మ:
పక్కన పెట్టే ముందు మీ అమ్మాయికి ఆ కాగితం చూపిస్తారా మాస్టారూ?

లెక్కల మాస్టారు:
ఇప్పటిదాకా చూపించలేదు. నచ్చినవి ఏరి ఇస్తున్నాను.

గడపలో గొబ్బెమ్మ:
అయితే మీరు పక్కన పెట్టినవాటిని కూడా ఇవ్వండి. తను స్విచ్ కొనుక్కుందో లేదో మీకు తెలుసని నేననుకోను.