నీలం స్టార్‌ఫిష్‌ని ఇంటి ట్యాంకులో పెట్టడం సబబేనా?

నల్లగండ్ల ట్యాంకు

అందరికీ నమస్కారం. నాది 300 లీటర్ల ఉప్పునీళ్ల ట్యాంకు, రెండో ఏడు నడుస్తోంది. ఒక జత క్లౌన్ ఫిష్, గోబీ అనే చిన్న చేప ఒకటి, కొన్ని నత్తలు, క్లీనర్ ష్రింప్ అనే రొయ్య ఒకటి ఉన్నాయి. కోరల్స్ (పగడాలు) లేవు. నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.025, నీళ్లు చల్లబరిచే చిల్లర్ పెట్టి వేడి 26 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాను, నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి పేరుకునేది) 10 దాటదు. మొన్న మలక్‌పేట వైపు ఒక షాపులో నీలం లింకియా స్టార్‌ఫిష్ కనిపించింది, మా పాప దాని దగ్గర్నుంచి కదలనంది. షాపాయనేమో "దీనికి వేరే మేత అక్కర్లేదు సార్, గాజు మీది నాచు తిని బతికేస్తుంది" అన్నాడు. ఇద్దరు స్నేహితులను అడిగితే ఒకరు పాత ట్యాంకు కాబట్టి ఏం కాదు తెచ్చుకో అన్నారు, ఇంకొకరు దాన్ని కొనడమంటే చంపడానికి డబ్బులిచ్చినట్టే అన్నారు. ఇంత తేడాగా చెబితే ఎవరి మాట వినాలి? పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే కారణాలతో సహా చెప్పండి.

సైదాబాద్ సాల్ట్

తేవద్దండి. నాచు తింటుందన్న మాట దగ్గరే ఆ షాపాయన లెక్క తప్పింది. లింకియా ప్రధానంగా తినేది రాళ్ల మీద పేరుకునే సన్నటి జిగురు పొరని, అంటే బాక్టీరియా, సూక్ష్మజీవులు, కుళ్లిన వ్యర్థాలు అన్నీ కలిసిన పొరని. పొట్టని నోట్లోంచి బయటికి తీసి రాయి మీద పరిచి అక్కడే అరిగించుకుంటుంది. సముద్రంలో అది రీఫ్ (పగడపు దిబ్బ) మీద ఎంత దూరమైనా మేసుకుంటూ పోతుంది. మీ ట్యాంకులో రాళ్లన్నీ కలిపినా అందులో ఏ మూలకు వస్తాయి? కొన్ని వారాల్లో మొత్తం నాకేస్తుంది, ఆ పొర మళ్లీ పెరిగే వేగం దాని ఆకలికి సరిపోదు. రొయ్య ముక్క పెడదామంటే చాలావరకు ముట్టుకోదు.

చాలామందిని మోసం చేసేది ఇంకొకటి ఉంది. ఆకలితో ఉన్న స్టార్‌ఫిష్ వెంటనే చావదు, తన ఒంటిని తానే కరిగించుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తుంది. చేప చిక్కిపోతే పొట్ట లోపలికి పోయి మనకి తెలుస్తుంది, దీనికి చర్మం కింద సున్నపు పలకలు ఉంటాయి కాబట్టి బయటికి ఆకారం పెద్దగా మారదు. గాజు మీద తిరుగుతూనే ఉంటుంది, రంగు అలాగే ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. తర్వాత ఒక రోజు చేతి చివర మెత్తబడుతుంది, చర్మం తెల్లగా పొరలు లేస్తుంది, ఇక కొద్ది రోజుల్లోనే ముద్దైపోతుంది. అప్పుడు యజమాని "ఇన్ని నెలలు బాగానే ఉంది, నీళ్లలో ఏదో తేడా వచ్చినట్టుంది" అనుకుంటాడు. నీళ్లలో తేడా ఏమీ రాలేదు, అది వచ్చిన రోజు నుంచీ పస్తే. "నా దగ్గర ఆరు నెలలు బతికింది" అని ఎవరైనా గెలిచినట్టు చెబితే నాకు కడుపు రగిలిపోతుంది, ఎందుకంటే ఆ ఆరు నెలలూ అది చచ్చిపోతూనే ఉంది.

ఉప్పల్ ఆక్వా

సైదాబాద్ అన్న లింకియా గురించి చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం కాదనను. కానీ ఒక జాతిని చూపించి అన్నిటికీ తలుపు మూసేయడం నాకు నచ్చదు. స్టార్‌ఫిష్‌లు దాదాపు రెండు వేల జాతులు ఉన్నాయి, అన్నీ జిగురు పొర మీదే బతకవు. చాకొలెట్ చిప్ ఉంది, ఒళ్లంతా గోధుమ రంగు బొడిపెలతో ఉంటుంది. అది మాంసం తింటుంది. మనం చేత్తో మేత పెట్టగలం, తిన్నదీ లేనిదీ కళ్లతో చూడగలం.

నేను రామ్‌నగర్ చేపల మార్కెట్ నుంచి రొయ్యలు, దొరికితే ఆల్చిప్పలు తెచ్చి కడిగి ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను. వారానికి రెండు మూడు సార్లు బొటనవేలి గోరంత ముక్క దాని చేతుల మధ్య కిందికి జరిపితే కాసేపట్లో నడుం ఎత్తి దాని మీద గొడుగులా కూర్చుంటుంది, అంటే తింటోందన్నమాట. గంటలు గడిచాక ఏమైనా మిగిలితే తీసేస్తాను. నా దాని చేతులు ఏడాది కిందటి కన్నా లావుగా ఉన్నాయి. ఇది ఆకలి చావు ఎలా అవుతుంది?

ఒకటి మాత్రం ముందే చెప్పాలి, చాకొలెట్ చిప్ ఉన్న చోట కోరల్స్, ఆనిమోన్లు (పువ్వుల్లా కనిపించే మెత్తటి జీవులు), స్పాంజ్‌లు, ఆల్చిప్పలు, నత్తలు ఉండకూడదు, నెమ్మదిగా కదిలే దేన్నయినా తినేస్తుంది. నల్లగండ్ల గారూ, మీ నత్తలు పోతాయి. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకే అది సరిపోతుంది.

మియాపూర్ మెరైన్

ఏ జాతి అన్నది తర్వాత, అది మన ఊరికి ఎలా వస్తుందో ముందు చూడండి. మనకి దగ్గరి తీరమే దాదాపు 300 కిలోమీటర్లు. మన షాపుల్లోకి వచ్చేవి చాలావరకు చెన్నై కొళత్తూరు మార్కెట్ మీదుగా వస్తాయి, అంతకుముందు ఏ రామేశ్వరం వైపో ఎక్కడో పట్టి ఉంటారు. పట్టినవాడి తొట్టి, ఏజెంటు తొట్టి, అక్కడ సంచి, ఇక్కడ షాపు, ఆ తర్వాత మీ ఇల్లు. ప్రతి చోటా నీళ్ల ఉప్పు వేరు.

స్టార్‌ఫిష్‌కి రక్తం లేదు. పైన చిన్న జల్లెడ లాంటి పలక ఉంటుంది, దాని ద్వారా సముద్రపు నీరే లోపలి గొట్టాల్లోకి వెళ్లి వందల కొద్దీ చిన్న చిన్న పాదాలను నడుపుతుంది. ఒంట్లో ఉప్పుని సర్దుకునే శక్తి దానికి లేదు, బయట నీళ్లు ఎలా ఉంటే లోపలా అలాగే అయిపోవాలి. చేప తట్టుకునే తేడా దీన్ని చంపేస్తుంది. చాలా షాపులు ఉప్పు ఖర్చు కలిసొస్తుందని, చేపలకి రోగాలు తగ్గుతాయని సాంద్రత 1.018, 1.020 దగ్గర నడుపుతాయి. అక్కడి నుంచి మీ 1.025కి గంటలో తెస్తే రెండు మూడు రోజుల్లో చేతులు ఊడిపోవడం మొదలవుతుంది.

అలా అని సంచిలోకే ట్యాంకు నీళ్లు గంటల తరబడి చుక్కలు చుక్కలుగా వదలడం కూడా సరికాదు. దూరం నుంచి వచ్చిన సంచిలో కార్బన్ డై ఆక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి అమ్మోనియా విషం కాని రూపంలో ఉంటుంది, సంచి విప్పగానే పీహెచ్ లేచి అదే విషమవుతుంది. సంచిలో నీళ్ల సాంద్రత రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు కొలిచే పరికరం)తో కొలిచి, వేరే తొట్టిలో అదే సాంద్రత ఉన్న శుభ్రమైన నీళ్లు తయారు చేసి, గాలి తగలకుండా నీళ్లలోనే అందులోకి మార్చి, ఆ తర్వాత సాంద్రత నెమ్మదిగా పెంచాలి. హడావిడి పడకుండా చేస్తే ఒక రోజు పూర్తిగా పట్టినా పట్టొచ్చు.

మన ఎండాకాలం ఇంకో తలనొప్పి. మే నెలలో ఫ్యాన్ కింద మూత లేని ట్యాంకు రోజూ లీటర్ల కొద్దీ ఆవిరవుతుంది, ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అలాగే ఉండిపోతుంది. ఆవిరైన నీళ్లు తనంతట తానే నింపే ఆటో టాప్ ఆఫ్ లేనివాళ్లు ఊరెళ్లి వస్తే సాంద్రత 1.028 కూడా చూస్తారు. బోరు నీళ్లు అసలు వాడొద్దు, మంజీరా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వంటింట్లో తాగే ఆర్‌ఓ ఒక్కటే చాలదు, దాని వెనక మిగిలిన లవణాలు తీసే డీఐ ఫిల్టర్ కూడా ఉండాలి. నల్లగండ్ల గారూ, ట్యాంకులో ఎప్పుడైనా చేపల జబ్బుకి వేసే కాపర్ (రాగి) మందు వేశారా?

నల్లగండ్ల ట్యాంకు

లేదండి. తెల్ల మచ్చల జబ్బు వచ్చినప్పుడు చేపల్ని వేరే తొట్టిలోకి తీసి అక్కడే మందు వేశాను. ఆటో టాప్ ఆఫ్ ఉంది. షాపు సాంద్రత మాత్రం అడగలేదు, అడుగుతాను.

మియాపూర్ మెరైన్

అడగడం కాదు, మీ రిఫ్రాక్టోమీటర్ తీసుకెళ్లి కొలవండి. ట్యాంకులోకి కాపర్ రానివ్వకుండా మంచి పని చేశారు. అది రాళ్లకి పట్టుకుందంటే స్టార్‌ఫిష్, నత్త, రొయ్య ఏదీ బతకదు.

తార్నాక అక్క

నాకు ట్యాంకు ఉంది, కానీ స్టార్‌ఫిష్ ఎప్పటికీ పెట్టను. మేత, ఉప్పు ఇవన్నీ సర్దుకున్నా ఒక మాట మిగిలే ఉంటుంది. క్లౌన్ ఫిష్‌ని ఇప్పుడు మన దేశంలోనే తొట్టెల్లో పిల్లలు పెట్టించి అమ్ముతున్నారు. స్టార్‌ఫిష్‌కి అలాంటిది లేదు. దాని పిల్ల నలుసంత ఉండి వారాల తరబడి నీళ్లలో తేలుతూ, రూపాలు మార్చుకుంటూ తిరిగి, ఆ తర్వాత నేల మీదికి దిగుతుంది. అంత కాలం దాన్ని సాకి అమ్మితే గిట్టుబాటు కాదు కాబట్టి షాపులో కనిపించే ప్రతి స్టార్‌ఫిష్ సముద్రం నుంచి పీకి తెచ్చిందే అనుకోండి. మీరు ఒకటి కొంటే ఆ ఖాళీలోకి ఇంకొకటి వస్తుంది.

మన్నార్ సింధుశాఖలో 21 దీవులని కలిపి 1986లో జాతీయ పార్కు చేశారు. కోరల్స్, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, పట్టినా అమ్మినా కొన్నా నేరమే. అయినా దొంగచాటుగా వస్తూనే ఉన్నాయని వార్తల్లో చూస్తున్నాం. ఏజెంటు పెట్టెలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే ఎవరైనా కాగితం చూపిస్తారా? ఉప్పల్ గారు బాగా పెంచుతున్నారు, అది నేను నమ్ముతాను. కానీ ఆయన చేతికి ఒకటి ప్రాణంతో చేరాలంటే దారిలో కొన్ని పోయే ఉంటాయి కదా.

ఉప్పల్ ఆక్వా

అక్కా, ఆ దారి గురించి మీరు చెప్పింది నాకూ బాధే. కానీ రేవుల దగ్గర చూడండి, ట్రాలర్ వలలో పడిన స్టార్‌ఫిష్‌లు గుట్టలుగా ఎండిపోతుంటాయి. బీచ్‌ల దగ్గర ఎండబెట్టి రంగేసి అలంకరణ సామానుగా అమ్ముతారు. వాటిలో ఒకటి నా ట్యాంకులో తిండి తిని బతికితే సముద్రానికి కొత్తగా వచ్చిన నష్టం ఏంటి?

తార్నాక అక్క

మీదే ఆ వలలోదని మీకెలా తెలుసు? వలలో నలిగి ఎండలో పడినది సాధారణంగా షాపు దాకా బతికి రాదు. షాపుకి వచ్చేది మునిగి చేత్తో ఏరినదే అయ్యుండొచ్చు.

సైదాబాద్ సాల్ట్

అక్క చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. ఇంకొకటి కూడా చేరుస్తాను, ఇసుక శుభ్రం చేస్తుందని అమ్మే సాండ్ సిఫ్టింగ్ స్టార్ కూడా వద్దు. అది ఇసుక శుభ్రం చేయదు, ఇసుకలో ఉన్న పురుగుల్ని, చిన్న జీవుల్ని మొత్తం తినేసి, ఆ తర్వాత ఇసుకలోనే ఆకలితో పోతుంది. పైకి కనిపించదు కాబట్టి పోయిన సంగతే చాలామందికి తెలియదు, అది కుళ్లి నీళ్లు పాడయ్యాక గానీ వెతకరు.

కొంపల్లి కొత్త

నాదొక చిన్న ప్రశ్న. పాప కోసమే అయితే బ్రిటిల్ స్టార్ సంగతేంటి? చేపలు వదిలేసిన మేత తిని బతుకుతుందని విన్నాను.

మియాపూర్ మెరైన్

మంచి మాటే. అది ఈ కుటుంబానికి దగ్గరి చుట్టం, సన్నటి పాముల్లాంటి చేతులు, మేత వాసన తగలగానే రాళ్ల కింద నుంచి చేయి చాపి లాక్కుంటుంది. మిగిలిన మేతే దానికి తిండి కాబట్టి ఆకలి సమస్య చాలావరకు ఉండదు, సంవత్సరాల తరబడి బతికినవి చూశాను. ఉప్పు నియమాలు మాత్రం దానికీ ఇవే. అయితే పచ్చ రంగుది తేవద్దు. అది రాత్రి పూట చేతుల మీద లేచి పందిరిలా నిలబడి, కిందికి దూరిన చేపని చుట్టేసి తింటుంది. మీ గోబీ మొదట పోతుంది. ఇంకొకటి, బ్రిటిల్ స్టార్ పగలంతా దాక్కునే ఉంటుంది, పాపకి మేత వేసే వేళ తప్ప కనిపించదు.

నల్లగండ్ల ట్యాంకు

అందరికీ థ్యాంక్స్. ఈరోజు షాపుకి వెళ్లి కొలిచాను, వాళ్ల సాంద్రత 1.019. ఆ నీలం దాని ఒక చేతి చివర కొంచెం తెల్లగా ఉంది, మొన్న లేదు. కొనలేదు. పాపకి గాజు ఇవతలి నుంచి ఆ పాదాలు ఎలా అతుక్కుంటాయో చూపించి, ఇది మన ఇంట్లో ఆకలితో ఉంటుందమ్మా అని చెప్పాను, ఏడ్చింది, కానీ అర్థం చేసుకుంది. దసరా సెలవులకి వైజాగ్ వెళ్తాం, ఆటు వేళ రాళ్ల గుంటల్లో ఆనిమోన్లు, అర్చిన్లు (ముళ్ల బంతుల్లాంటి జీవులు) చూపిస్తానన్నాను.

కానీ ఉప్పల్ గారి మాట ఇంకా ఆలోచిస్తున్నాను. నత్తల్ని ఎవరికైనా ఇచ్చేసి చాకొలెట్ చిప్ పెడితే 300 లీటర్లు దానికి సరిపోతాయా?

ఉప్పల్ ఆక్వా

ఇప్పటికి సరిపోతాయి. షాపులో అరచేతి కన్నా చిన్నది ఉంటుంది, కానీ మంచి తిండి పెడితే 30 సెంటీమీటర్ల దాకా పెరిగే జాతి అది. నాది 500 లీటర్లు. కొనే ముందు షాపులోనే ఒక ముక్క పెట్టించి, మీ కళ్ల ముందు తింటేనే తీసుకోండి. తిరగేసి పెడితే తనంతట తాను బోర్లా తిరగాలి, అది కూడా నీళ్లలోనే చూడాలి.

సైదాబాద్ సాల్ట్

30 సెంటీమీటర్లు అని మీరే అంటున్నారు, 300 లీటర్లు ఇప్పటికి చాలంటున్నారు. పెరిగాక ఏం చేయాలి? షాపు వెనక్కి తీసుకోదు, సముద్రంలో వదలడానికి లేదు, ట్యాంకు నుంచి రోగాలు పోతాయి. నల్లగండ్ల గారూ, పెద్ద ట్యాంకు కొన్న తర్వాతే ఈ ప్రశ్న మళ్లీ అడగండి.

ఉప్పల్ ఆక్వా

ఆ ఒక్క విషయంలో మీతోనే ఉన్నాను అన్నా. పెద్ద ట్యాంకు తర్వాతే.