పద్మిని కారు వేడెక్కితే ఆగిపోతోంది: పెట్రోలా, కరెంటా?

అన్నా, మా నాన్న పద్మిని కర్నూలులో సుబ్బరంగా స్టార్ట్ అవుతుంది. డోన్ దాటాక ఎండకు టక్కున ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ మామూలే. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ శుభ్రం చేయించినా అంతే. బండిని తుక్కుకు ఇచ్చే ప్రసక్తే లేదు.

జవాబు, అనంతపురం నుంచి: తమ్ముడూ, కార్బురేటర్ జోలికి మళ్లీ పోవద్దు. ఆగిన చోటే, చల్లారకముందే చూడాలి. ఒక స్పార్క్ ప్లగ్ విప్పి, వైరుకు తగిలించి, పెట్రోలుకు దూరంగా ఇంజిన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించు. నిప్పురవ్వ నీలంగా, టపటపా వస్తే పెట్రోలు వైపు వెతుకు. ఎర్రగా, నీరసంగా వస్తే తప్పు కరెంటు వైపే: ప్లగ్‌కు వోల్టేజీ పెంచి పంపే కాయిల్ గానీ, పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ గానీ. పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే బిళ్లలు) గుంటలు పడి కాలి ఉంటే నా అనుమానం కండెన్సర్ మీదే.

ఇంకొకరు: పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయగానే స్టార్టయితే, లోపల పెట్రోలు ఆవిరైనట్టే. మేం పైపును సైలెన్సర్ వేడికి దూరంగా జరిపించాం.

అడిగినవారు: ఎర్రగానే వచ్చిందన్నా! కండెన్సర్ మార్చాక గుత్తి దాకా ఆగలేదు.