రాత్రి 2:40కి గోడ మీద నడిచింది చిరుతేనా?

మధురవాడ_మేడ:
మాది విశాఖలో కొమ్మాది దాటాక కొండవైపు కాలనీ. నిన్న రాత్రి 2:40కి వెనక ప్రహరీ మీద ఏదో జంతువు నడుచుకుంటూ వెళ్లి పక్కింటి సపోటా చెట్టులోకి దూకింది. సీసీ కెమెరాలో పదకొండు సెకన్లు పడింది. రాత్రి కదా, బొమ్మంతా నలుపూ తెలుపూ. కళ్లు రెండూ బల్బుల్లా వెలిగాయి. ఒళ్లు పొడుగు, కాళ్లు పొట్టి, తోక దాదాపు ఒంటంత ఉంది. మా ఆవిడ పిల్లల్ని మేడ మీదకి పోనివ్వడం లేదు. ఏమిటది?

పోర్టు_రిటైర్డ్:
చిరుతపులి. ఇందులో అడగడానికేముంది? కంబాలకొండ మన వీపు మీదే ఉంది. ఒకప్పుడు విజయనగరం మహారాజులది, 2002 నుంచి అభయారణ్యం, డెబ్బై చదరపు కిలోమీటర్ల అడవి. అందులో చిరుతలున్నాయని చిన్నపిల్లాడికీ తెలుసు. అంత తోక ఇంక దేనికుంటుంది? పోయిన ఆషాఢంలో మా వీధి ఎర్రకుక్క రాత్రికి రాత్రి మాయమైంది. వారం రోజులు నేనొక్కణ్ణే వెతికాను. ఒక్కరైనా అడిగారా?

సపోటా_నీడ:
ఆ చెట్టు మాది. కాయ పండే రోజుల్లో ఏటా వస్తుంది, అది మానుపిల్లి. తాటిచెట్టెక్కి కల్లు కుండలో మూతి పెడుతుందని గీత పనివాళ్లు తిట్టుకునేది దీన్నే. దానికీ తోక ఒంటంత ఉంటుంది, కాబట్టి తోక చూసి పులి అనెయ్యకండి. బరువు మూడు నాలుగు కిలోలు, మహా అయితే ఐదు. ఇంకొకటి, మన వెనక గోడ నాలుగున్నర అంగుళాలది. దాని మీద ముప్ఫై, నలభై కిలోల చిరుత అలా తీరిగ్గా నడిచిపోదు.

పోర్టు_రిటైర్డ్:
నాలుగున్నర ఎవరన్నారు? తొమ్మిది అంగుళాల గోడ. కట్టించేటప్పుడు కోశాధికారిని నేను. తొమ్మిదికి డబ్బు కట్టాం, తొమ్మిదే కట్టారు.

రుషికొండ_రైడర్:
పునుగు పిల్లి కదా? తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి దాని తైలమే పూస్తారు.

సపోటా_నీడ:
పునుగుకి తోక మీద కడియాల్లా నల్లపట్టీలు, వీపు మీద చారలు ఉంటాయి. ఎక్కువ నేల మీదే తిరుగుతుంది. ఫుటేజీలో తోక మొదలు నుంచి కొస దాకా ఒకటే నలుపు. ఇక గోడ సంగతి: మా వైపు ప్లాస్టరింగు ఊడిన చోట ఇటుక వరస కనిపిస్తోంది. వచ్చి చూడండి.

పోర్టు_రిటైర్డ్:
మీ చెట్టు వేళ్ల వల్లే ఊడింది.

ఆరిలోవ_కుర్రోడు:
ఏటి బావూ, పులి సంగతి అడిగితే గోడ కొలుస్తన్నారు.

ఎండాడ_ఎండ:
బోను పెడితే తేలిపోదా?

రుషికొండ_రైడర్:
1972 వన్యప్రాణి చట్టం ఉంది. సొంతంగా బోను పెడితే మీరు కోర్టు బోనులో నిలబడాలి. అంత టెన్షన్‌గా ఉంటే అటవీశాఖకి ఫోన్ చెయ్యండి.

పోర్టు_రిటైర్డ్:
పొద్దున కాలవ పక్క బురదలో అడుగులు చూశాను. నాలుగు వేళ్లు, వాటి ముందు నాలుగు గోళ్ల చుక్కలు. ఇప్పుడేమంటారు?

రుషికొండ_రైడర్:
కుక్కంటాను మాస్టారూ. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటుంది, చిరుతైనా అంతే. మానుపిల్లికైతే వేళ్లు ఐదు.

పోర్టు_రిటైర్డ్:
బురదలో జారితే ఎవరైనా గోళ్లు బయటపెడతారు.

సపోటా_నీడ:
సూటిగా మాట్లాడుకుందామా? మీకు కావలసింది చిరుత కాదు. నా చెట్టు కొట్టించాలి. మూడేళ్ల నుంచి అదే పాట. మొన్న ఆకులు, నిన్న వేళ్లు, ఇవాళ పులి. పాతికేళ్ల చెట్టు, మా అమ్మ నాటింది.

పోర్టు_రిటైర్డ్:
మీ అమ్మగారంటే నాకూ గౌరవమే. చెట్టు మాట నేను ఎత్తలేదు. వెనక గోడ మూడడుగులు లేపి పైన కంచె వెయ్యాలని నాలుగు మీటింగుల్లో మొత్తుకున్నాను. ఒక్కరూ వినలేదు. మా కోడలు రాత్రి షిఫ్టు నుంచి ఒంటిగంటకి వస్తుంది. మలుపు దగ్గర్నుంచి మా గేటు దాకా ఒక్క లైటు వెలగదు. గోడ అవతల కూర్చుని తాగేవాళ్లు సీసాలు ఇటే విసురుతారు. నేను రోజూ టార్చిలైటు పట్టుకుని మలుపులో నిలబడుతున్నాను, అరవై ఆరేళ్లకి. చిరుతంటే గోడ ఖర్చుకి ఇంటికి ఐదువేలు ఇస్తారు. పిల్లంటే ఎవరిస్తారు?

ఆరిలోవ_కుర్రోడు:
అది ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ.

మధురవాడ_మేడ:
సాయంత్రం గోడ మీద అదే చోట ఇటుక ఒకటి పొడుగ్గా పెట్టి, చీకటి పడ్డాక అదే కెమెరాలో చూశాను. పాత ఫుటేజీ పక్కన పెట్టుకుని ఫోన్ తెర మీద స్కేలుతో కొలిచాను. ముక్కు నుంచి తోక మొదలు దాకా రెండు ఇటుకలు, ఇంకో బెత్తెడు లేదు. అంటే ఇరవై, ఇరవై ఒక్క అంగుళాలు. ఎదిగిన చిరుతకి ఒళ్లే మూడడుగులు దాటుతుంది. దగ్గర్లో ఉన్నదాన్ని ఈ కెమెరా ఎంత పెద్దది చేస్తుందో మా పిల్లిని గోడెక్కించి చూస్తే తెలిసింది, అదీ పులిలాగే ఉంది. పొద్దున వాటర్ ట్యాంకు మూత మీద పెంట కూడా దొరికింది. పుల్లతో విడదీస్తే నల్లగా మెరిసే సపోటా గింజలు ఆరు. మెట్ల దగ్గర బాస్మతి అన్నం వండినట్టు వాసన వస్తోందని మా ఆవిడ నాలుగు రోజులుగా అంటుంటే పక్కింట్లో బిరియానీ అనుకున్నాను. మానుపిల్లి వదిలే వాసన అలాగే ఉంటుందట.

టేపు పట్టినప్పుడే గోడ వెడల్పూ చూశాను. రెండు వైపులా ప్లాస్టరింగుతో కలిపి ఐదున్నర.

సపోటా_నీడ:
గోడ ఎత్తడానికి నేను డబ్బివ్వను. మలుపులో లైటుకైతే స్తంభం, తీగ ఖర్చు నాది. ఈ ఆదివారమే మనిషిని పిలుస్తాను. మీ కోడలు వచ్చే వేళ చెప్పండి, అప్పటిదాకా మా వరండా లైటు వేసి ఉంచుతాను.

పోర్టు_రిటైర్డ్:
ఒంటిగంటా పది. శని, ఆదివారాలు సెలవు.

ఐదున్నర ఎలా అవుతుంది? ఊడిన చోట కొలిచి ఉంటారు. బిల్లు మా బీరువాలో ఉంది, వెతుకుతున్నాను.