పిట్టల కోలాహలమా, తీగెల కత్తిరింపా?

మంజీర:
పునరుత్థాన ఆదివారం వేకువన సమాధుల తోటలో జరిగే ఆరాధనలో మా సంఘపెద్ద ఒకరు బైబిలులోని పరమగీతము రెండో అధ్యాయం అందుకొని, "చలికాలము గడిచిపోయెను, వర్షకాలము తీరిపోయెను" అని మొదలుపెట్టి, పుస్తకం తెరవకుండానే "తీగెలు కత్తిరించు కాలము వచ్చెను" అని ముగించేవారు. నా ప్రతిలో మాత్రం "పిట్టలు కోలాహలము చేయు కాలము వచ్చెను" అని ఉంది. ఆయన చెప్పిన పాఠం ఎక్కడిదో తెలిసినవారు చెప్పగలరు.

అక్షరభిక్షువు:
ఆయన పొరబడలేదు. హీబ్రూ మూలంలో ఉన్న 'జామీర్' అనే మాటకు పాట అనీ, ద్రాక్షతీగెల కత్తిరింపు అనీ రెండర్థాలు చెబుతారు. ప్రాచీన గ్రీకు అనువాదమూ, జెరోము లాటిన్ పాఠమూ కత్తిరింపునే తీసుకున్నాయి. మన తెలుగు పాఠం పాట పక్షాన నిలిచి, మూలంలో లేని పిట్టలను తెచ్చి చేర్చింది. 12వ శతాబ్దపు క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు పరమగీతంపై 86 ప్రసంగాలు చేసి, 1153లో కన్నుమూసేనాటికి మూడో అధ్యాయం మొదట్లోనే ఉండిపోయారు. ఆయన ముందున్నది లాటిన్ పాఠమే కనుక, మనస్సులో ఒకసారి కోసివేసిన దుర్గుణాలు మళ్లీ మొలకెత్తుతాయనీ, కాబట్టి కత్తిరింపు ఒక్కనాటితో తీరే పని కాదనీ బోధించారు. వసంతమంటే పూలు చూసి మురిసిపోవడం కాదు, కత్తి చేతపట్టడం అని చెప్పే ఈ పాఠమే పునరుత్థాన దినానికి తగినదని నా అభిప్రాయం. యోహాను 15వ అధ్యాయంలో ఫలించే తీగెనే మరింత ఫలించడానికి తండ్రి శుభ్రపరుస్తాడన్న మాటకూ ఇది దగ్గరగా ఉంది.

కొండవీటి చాంతాడు:
భిక్షువు గారూ, బెర్నార్డు గారి భక్తిని కాదనను గానీ, తరువాతి వచనమే ద్రాక్షచెట్లు పూతపట్టి సువాసన ఇస్తున్నాయని చెబుతోంది కదా. పూతమీదున్న తీగెను ఏ రైతు నరుకుతాడు? పైగా 1908లో పాలస్తీనాలోని ప్రాచీన పట్టణం గెజెరులో దొరికిన సున్నపురాతి పలకపై పొలం పనుల పట్టికలో 'జామీర్' ధాతువుతోనే రెండు నెలలు పేర్కొన్నారు. అవి యవల కోత, ఆ తరువాతి కోత ముగిశాక వస్తాయి. అంటే కత్తిరింపు కాలం నడివేసవి, ఈ వచనంలోని వసంతం కాదు. పాలస్తీనాలో వాన కురిసేది చలికాలంలోనే, అది వెనుకబట్టేది ఏప్రిల్ ప్రాంతంలో. ఆషాఢంలో వానకు ఎదురుచూసే మనకు చలీ వానా కలిసి వెళ్లిపోవడం వింతగా తోచడం సహజమే.
నన్ను పట్టి పీడించేది మాత్రం "తీరిపోయెను" అన్న క్రియ. 'గడిచిపోయెను' అని ఒకసారి అన్నాక మళ్లీ అదే అనవచ్చు, 'తీరిపోయెను' అన్నారు. బాకీ తీరుతుంది, ఋణం తీరుతుంది. సిలువ మీది "సమాప్తమైనది" అన్న మాట అనువాదకుల చెవిలో ఉండి ఉండాలని నా గట్టి నమ్మకం.

అక్షరభిక్షువు:
పూత వచ్చాక కూడా కొమ్మలు తుంచే పని ఉంది. యెషయా 18:5 చూడండి. ఇక మీ ఋణసిద్ధాంతం ముచ్చటగానే ఉంది గానీ, మూలంలోనే రెండు వేర్వేరు క్రియలున్నాయి. అనువాదకులు వాటిని వేరుగా నిలిపారు, అంతే. ముసురు కూడా 'తీరుతుంది' కదా!

ఏటిగట్టు:
మీరిద్దరూ 'జామీర్' చుట్టూ తిరుగుతూ పావురాన్ని వదిలేశారు. "పావుర స్వరము మన దేశములో వినబడుచున్నది" అన్నచోట మూలంలోని 'తోర్' ఇంటి చూరులో ఉండే పావురం కాదు, గువ్వ. అది వలసపక్షి, యిర్మీయా 8:7లో తాను రావలసిన కాలం ఎరిగిన పక్షుల్లో తెల్ల గువ్వ ఒకటి. ఏడాదంతా కూసే పావురం వసంతాన్ని ఎలా చాటుతుంది? అంతకన్నా ముఖ్యం, గొఱ్ఱెపిల్లను తేలేని బీదరాలికి ధర్మశాస్త్రం అనుమతించిన బలి గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. లూకా 2:24 ప్రకారం మరియ యోసేపులు అర్పించవలసినదీ అదే. మన కవులకు వసంతమనగానే కోకిల తప్ప మరొకటి తోచదు. జాషువా గారొక్కరే 1941 నాటి 'గబ్బిలం'లో, కోకిలనూ హంసనూ పక్కనపెట్టి, గుడిలోకి రానివ్వని మనిషి మొరను కాశీ విశ్వనాథుని చెవిని వేయడానికి గబ్బిలాన్ని పంపారు. బీదవాడి పక్షి గొంతే ఆశను తెస్తుందన్న దృష్టి ఆ కావ్యంలోనూ, ఈ వచనంలోనూ కనిపిస్తుంది.

కొండవీటి చాంతాడు:
జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. క్రైస్తవ ఆశ గురించి మాట్లాడాలంటే దానిని వదిలి గబ్బిలం దగ్గరకు వెళ్లడమెందుకు?

ఏటిగట్టు:
అది క్రీస్తు కథ చెబుతుంది, ఇది క్రీస్తు ఎవరి పక్షమో చూపిస్తుంది, అందుకే.

మంజీర:
గువ్వ మాట నచ్చింది. కానీ "కత్తిరించు" అన్న పాఠం ఏ తెలుగు ముద్రణలోనైనా ఉందా?

అక్షరభిక్షువు:
ఇరవయ్యో శతాబ్దంలో సైరస్ గోర్డన్ అనే పండితుడు రెండర్థాలనూ నిలబెట్టాడు: ముందున్న పూలతో కలిపితే కత్తిరింపు, వెనకున్న గువ్వ గొంతుతో కలిపితే పాట, కవి రెండూ ఉద్దేశించాడని. దీనిని ఒకే తెలుగు మాటలో ఇమిడ్చే వీలుందేమో ప్రయత్నించండి.

కొండవీటి చాంతాడు:
అయితే గెజెరు పలక సంగతి?