తెలుగు సినిమా పాటకు నూరేళ్ళు ఎప్పుడు నిండుతాయి?

దేవుని కడప

మిత్రులకు నమస్కారం. కడపలో పదిహేనుమంది పాత పాటల అభిమానులం కలిసి ఏటా సెప్టెంబరు 15న ఒక సాయంత్రం సభ జరుపుకుంటున్నాము. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931లో ఆ రోజున విడుదలైందని చిన్నప్పటి నుంచి చదువుకున్నందువల్ల, తెలుగు సినిమా పాట పుట్టినరోజు కూడా అదేనని మా లెక్క. ఇప్పుడు మాలో ఒకరు ఆ తేదీ తప్పని, 1932 ఫిబ్రవరి 6 సరైనదని పట్టుబట్టి కూర్చున్నారు. నూరేళ్ళ సభ అంటే ముందునుంచే చందాలు పోగుచేయాలి, వాద్యబృందాన్ని మాట్లాడుకోవాలి. అది 2031 సెప్టెంబరులో జరపాలా, 2032 ఫిబ్రవరిలో జరపాలా అన్నది ఇక్కడి పెద్దలు తేల్చి చెప్పగలరని అడుగుతున్నాను.

తాడిపత్రి పాఠకుడు

తేల్చడానికి ఇందులో పెద్దగా మిగిలింది లేదండీ. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి దాఖలాలన్నీ వెతికి ఈ సంగతి ఏనాడో బయటపెట్టారు. ఆ చిత్రానికి బొంబాయిలో సెన్సారు పత్రం వచ్చింది 1932 జనవరి 22న. తొలి ప్రదర్శన అదే ఊళ్ళో కృష్ణా థియేటరులో ఫిబ్రవరి 6న జరిగింది. మద్రాసులో నేషనల్ పిక్చర్ ప్యాలెసుకు వచ్చేసరికి ఏప్రిల్ 2 అయింది. సెన్సారు కాని బొమ్మ నాలుగు నెలల ముందే జనం ముందు ఎట్లా ఆడిందో సెప్టెంబరు పక్షం వారు చెప్పాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు ఇన్నేళ్ళూ పుట్టని బిడ్డకు పుట్టినరోజు చేశాము. ఇకనైనా దిద్దుకోవడం మంచిది.

ప్రొద్దుటూరు శ్రోత

దాఖలాలు గొప్పవే కావచ్చు, కానీ మా తాత గారు అబద్ధమాడే మనిషి కాదు. 1931 దసరా సెలవుల్లో మద్రాసు వెళ్ళి, తెర మీద మనుషులు తెలుగులో పాడుతుంటే విన్నానని ఆయన చెప్పగా మేము పదిసార్లు విన్నాము. పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి, తెర వెనుక ఎవరో దాక్కొని పాడుతున్నారని అనుమానించి లేచి చూడబోయాడని కూడా చెప్పేవారు. ఇంత వివరం కల్పించి చెప్పవలసిన అవసరం ఆయనకేముంది? కనుక సెప్టెంబరు తేదీయే సరైనది.

గండికోట

ఫిబ్రవరి అయితే చందాలు వసూలు చేసుకోవడానికి ఇంకో ఐదు నెలలు గడువు దొరుకుతుంది. నా ఓటు దానికే.

అనంత సీమ

ప్రొద్దుటూరు అన్న గారి తాత గారు అబద్ధమాడి ఉండరు, అయితే ఆయన విన్నది ‘ప్రహ్లాద’ కాకపోవచ్చు. 1931 అక్టోబరు 31న మద్రాసులో ‘కాళిదాస్’ విడుదలైంది. దీన్ని తొలి తమిళ టాకీ అంటారు గానీ, అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే కథానాయకుడు తెలుగులో బదులు చెబుతాడు, నడుమ త్యాగరాజ కీర్తనలు కూడా వస్తాయి. దానికీ ‘ప్రహ్లాద’కూ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి గారే, నిర్మాత అర్దేషిర్ ఇరానీయే. దక్షిణాది తెర మీద తెలుగు పాట వినబడింది ‘కాళిదాస్’లో అయినప్పుడు, నూరేళ్ళ సభ ఆ రోజున ఎందుకు జరపకూడదు?

ప్రొద్దుటూరు శ్రోత

దసరా అక్టోబరు 31కి ముందే అయిపోయింది. మా తాత గారు దసరా అన్నారు, దీపావళి అనలేదు.

తాడిపత్రి పాఠకుడు

‘కాళిదాస్’ సంగతి నేను కాదనను. అయితే త్యాగరాజ స్వామి కీర్తనను ఎవరో సినిమాలో పాడినంత మాత్రాన అది సినిమా పాట అయిపోదు. బొమ్మ కోసమని కూర్చి రాసిన పాటే సినిమా పాట. ‘ప్రహ్లాద’కు పాటలు రాసిన చందాల కేశవదాసు గారిని తొలి తెలుగు సినీకవి అంటున్నది అందుకే. ఆ లెక్కన మళ్ళీ ఫిబ్రవరి 6కే వస్తాము.

కొండారెడ్డి బురుజు

నన్నడిగితే మనమంతా పాట అని వినేది నేపథ్యగానాన్ని. ఆ ముచ్చట 1944లో ‘తాసిల్దార్’లో ఎం.ఎస్. రామారావు గారితో మొదలవుతుంది. అంతకుముందు పాట అనేది నటులు పడే పాటు.

పాత హార్మోనియం

కర్నూలు నుంచి రాస్తున్నాను. మా నాయన నలభై ఏళ్ళు నాటకాలకు లెగ్ హార్మోనియం వాయించాడు. మీరందరూ బొమ్మ ఏ థియేటరులో ఏ రోజు పడిందో లెక్కపెడుతున్నారు గానీ, ఆ పాట పాడిన గొంతులు ఎక్కడివో ఒక్కరూ అడగలేదు. లీలావతి వేషం వేసిన సురభి కమలాబాయి ఆ పాట నేర్చింది స్టూడియోలోనా? సురభి అన్నది మన కడప జిల్లా ఊరు. 1885లో వనారస గోవిందరావు గారు అక్కడ కీచకవధ ఆడించిన నాటి నుంచి ఆ కుటుంబాలు డేరాలు మోసుకుంటూ ఊరూరా పాడుతూ తిరిగాయి. ఇక ఆ బొమ్మకు ఆధారమైన ప్రహ్లాద నాటకం ఎవరిదని? ధర్మవరంలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా ఉంటూ, తెలుగు నాటకంలో పాటకు పీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారిది. ఆయన 1912లోనే కాలం చేశారు. అంటే బొమ్మ తీసేనాటికి ఆ ప్రహ్లాదుడి కథ రంగం మీద పాతబడి, నలిగి, జనం నోళ్ళలో నానిపోయి ఉంది. బొంబాయివాళ్ళు చేసిందల్లా ఆ పాడేవాళ్ళ ముందు మైకు పెట్టి, అది కనబడకుండా దాచడం. దానికి పుట్టినరోజు ఏమిటి?

మీకు నా బాధ అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట సీమలోని ఒక ఊళ్ళో ఇట్లాంటి పాత పాటల సభకే మా నాయనను పిలిచారు. రాయబారంలోని రెండు పద్యాలు పాడి, వాయించి వినిపిస్తానని ఆయన ముందుగానే చెప్పాడు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఒక మూల కూర్చోబెట్టి, చివరకు ఒక పద్యం ఎత్తుకోగానే, రాగాలాపన సగంలో ఉండగా మైకు ఆపేశారు. ఇది సినిమా పాటల సభ, పద్యాల సభ కాదన్నారు. ఆయన ఏమీ అనలేదు, హార్మోనియం మూసుకొని బస్టాండుకు నడిచాడు. ఆ తర్వాత మళ్ళీ ఏ సభకూ పోలేదు.

తాడిపత్రి పాఠకుడు

మీ నాయన గారికి జరిగినది అన్యాయమే, అందులో రెండో మాట లేదు. అయితే అది తేదీకి సంబంధించిన సాక్ష్యం కాదు. ఆ అన్యాయం వల్ల సెన్సారు పత్రం మీది తేదీ మారిపోదు.

పాత హార్మోనియం

పత్రం, పత్రం అంటున్నారు. ఆ చిత్రం ప్రింటే ఇవాళ దొరకదు. చూడని బొమ్మను, వినని పాటను పత్రం చూపించి మొదటిదంటున్నారు. అదే బాణీలో, అదే ఆలాపనతో పాడే మనిషి మొన్నటిదాకా మీ పక్క ఊళ్ళో బతికి ఉంటే, ఆయన దగ్గర పత్రం లేదు గనుక లెక్కలోకి రాడన్నమాట. తాడిపత్రిలో కూర్చొని ఈ మాట అనడానికి మీకు నోరెట్లా వచ్చిందయ్యా? రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టిన ఊరు కాదా అది?

తాడిపత్రి పాఠకుడు

రాఘవ పుట్టిన ఊరివాడిని గనుకనే ఈ మాట అంటున్నాను. ఆయన 1880 ఆగస్టు 2న పుట్టాడని గట్టిగా చెప్పగలగడానికి కూడా ఎక్కడో ఒకచోట ఎవరో రాసిపెట్టడమే కారణం. మాయాబజారు తీసిన కె.వి. రెడ్డి గారూ మా ఊరివారే, ఆయన 1912లో పుట్టారు. మా పిల్లలను అడిగితే ఇద్దరి పేర్లూ తెలియవు. నాకున్న భయం ఒకటే, దాచకుండా చెబుతాను. మన దగ్గర జ్ఞాపకం మీద గర్వం మొలవడానికి ఎంతోసేపు పట్టదు. ఇవాళ నాటకం మనది, గొంతు మనది అంటాము, రేపు బొమ్మంతా మనదే అంటాము. పాటలు రాసిన కేశవదాసు గారిది ఖమ్మం ప్రాంతం, దర్శకుడు బెంగుళూరులో పుట్టినవాడు, నిర్మాత పార్సీ, తీసింది బొంబాయిలో. సురభివారు సైతం ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే కుటుంబాలు. అంతమంది కలిసి చేసినదాన్ని సీమ ఖాతాలో జమకట్టుకుంటే, ఒకరిని మరిచిపోయారని ఏడుస్తూనే మనం నలుగురిని మరిచిపోయినట్టు అవుతుంది.

పాత హార్మోనియం

ఖాతా నేనడగలేదు. ఒక్క పద్యం పూర్తిగా పాడనివ్వమన్నాను.

గండికోట

పెద్దలు నెమ్మదించండి. ఇది హాలు బుక్ చేసే సంగతి.

అనంత సీమ

నేను మొదట రాసినదాన్ని కొంత సవరించుకుంటాను. బొమ్మ కోసం రాసినదే సినిమా పాట అని తాడిపత్రి వారు గీత గీశారు. అదే గీత ‘ప్రహ్లాద’కూ అడ్డం వస్తుంది కదా? కేశవదాసు గారు కొత్తగా రాసినవి సినిమా పాటలు. రంగం మీదినుంచి పద్యాలు అట్లాగే దిగి వచ్చి ఉంటే, వాటిని త్యాగరాజ కీర్తనలను తీసేసినట్టే తీసేయాలా? లేక, పాడే గొంతు తెరకెక్కగానే అంతా సినిమా పాటేనా? అంతా సినిమా పాటే అయితే ‘కాళిదాస్’ ముందు నిలబడుతుంది, అక్టోబరు 31 గెలుస్తుంది. కాదంటే హార్మోనియం వారి మాటలో పస ఉంది.

తాడిపత్రి పాఠకుడు

ఆ చిక్కు నిజమే, ఒప్పుకుంటున్నాను. నేను గీసిన గీత నేననుకున్నంత సూటిగా లేదు. అయినా మొదటి పూర్తి తెలుగు టాకీ తేదీ మాత్రం ఫిబ్రవరి 6 అన్నదాని నుంచి నేను కదలను.

దేవుని కడప

ఇక నేను ఒక మాట చెప్పక తప్పదు. హార్మోనియం వారు చెప్పిన సభ ఏదో మొదటి వరుస చదవగానే గుర్తుపట్టాను. రెండు రోజులుగా ఏమి రాయాలో తోచక ఊరుకున్నాను. ఆ రాత్రి మైకు దగ్గర ఉన్నది నేనే. హాలు పది గంటలకు ఖాళీ చేయాలని కాపలావాడు రెండుసార్లు వచ్చి చెప్పాడు, అతిథులు ఆవులిస్తున్నారు, పద్యం ఎంతసేపు సాగుతుందో నాకు అంచనా తెలియలేదు. తప్పు నాదే. ఆ పెద్దాయనను క్షమాపణ అడగాలని తర్వాత అనుకున్నాను గానీ చిరునామా కనుక్కోలేదు.

పాత హార్మోనియం

పది గంటలకు హాలు ఖాళీ చేయాలన్నారు. మా నాయన లేచిన తర్వాత మూడు సినిమా పాటలు పాడారు. ఆఖరిది రెండుసార్లు పాడారు, ఎవరో వన్స్ మోర్ అన్నారని. నేను ఆయన వెంట బయటికి వస్తూ విన్నాను.

దేవుని కడప

అవును, పాడాము.

కొండారెడ్డి బురుజు

చాలాసేపు ఇక్కడ ఎవరూ ఏమీ రాయలేదు గనుక నేనే రాస్తున్నాను. మీ నాయన గారు ఇప్పుడు ఉన్నారా?

పాత హార్మోనియం

లేడు. పెట్టె ఉంది. రీడ్లు రెండు పోయాయి, కొత్తవి వేయించాను.

దేవుని కడప

అన్నా, తేదీ ఏదైనా కానీ. నూరేళ్ళ సభ మొదలుపెట్టేది ప్రహ్లాద నాటకంలోని పద్యంతోనే అని, మావాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నా మాటగా రాసి ఇస్తున్నాను. మైకు మీ చేతిలోనే ఉంటుంది. మీరు ఆ పెట్టె తీసుకొని రాగలరా?

పాత హార్మోనియం

ఇంకా ఏళ్ళు ఉన్నాయి కదా. శృతి నిలిచి ఉంటే చూద్దాం. సభకు సినిమా పాట పుట్టినరోజు అని పేరు పెడితే మాత్రం నేను రాను.

తాడిపత్రి పాఠకుడు

పేరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆహ్వానపత్రం మీద మాత్రం 1932 అని అచ్చువేయించండి.

ప్రొద్దుటూరు శ్రోత

1931. దసరా సెలవుల్లో.