గేమ్ షో నెట్‌వర్క్‌లో పొద్దస్తమానం ఫ్యామిలీ ఫ్యూడేనా? మీ ఇళ్లలో ఏం చూస్తున్నారు?

ప్లేనో నాన్న

అమ్మానాన్నా గుంటూరు నుంచి అమెరికా వచ్చి మా దగ్గర ఉన్నారు. తెలుగు ఛానళ్లు ఉన్నా మధ్యాహ్నం గేమ్ షో నెట్‌వర్క్ (పోటీ ఆటల షోలే వేసే ఇక్కడి కేబుల్ ఛానల్) పెట్టుకుంటున్నారు. వెనక కథ తెలియాల్సిన పని లేదు, అరగంటలో ఎవరు గెలిచారో తేలిపోతుంది. అదే వాళ్లకి నచ్చింది. చిక్కల్లా ఒక్కటే. ఎప్పుడు పెట్టినా స్టీవ్ హార్వీ నడిపే ఫ్యామిలీ ఫ్యూడే, రెండు కుటుంబాలు సర్వేలో జనం చెప్పిన జవాబులు ఊహించే ఆట. సాయంత్రం అయితే ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటుంది. వాటిలో చాలా ప్రశ్నలు ద్వంద్వార్థాలవి. నాన్న లేచి వరండాలోకి వెళ్లిపోతారు, మా చిన్నది "అందరూ ఎందుకు నవ్వుతున్నారు?" అని పట్టుకుంటుంది.

పేరులోనే గేమ్ షో ఉన్న ఛానల్, ఇన్ని దశాబ్దాల షోలు అందుబాటులో ఉండగా ఒక్కదాని మీదే ఎందుకు వాలిపోయింది? ముసలివాళ్లు, పిల్లలు కలిసి కూర్చుని చూడగలిగేవి ఏవి, ఎక్కడ వస్తాయి? మీ అనుభవాలు చెప్పండి.

పాతబంగారం

ఆ ఛానల్ మొదలైంది 1994 డిసెంబర్ 1న. నేను 90ల్లో ఒహాయోలో చదువుకుంటున్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అది సోనీ ఛానల్. జెపర్డీ, వీల్ ఆఫ్ ఫార్చ్యూన్, పిరమిడ్ సోనీ సొంత సరుకు. కానీ జనం ప్రాణం పెట్టి చూసిన మ్యాచ్ గేమ్, పాస్‌వర్డ్, వాట్స్ మై లైన్ లాంటివి గుడ్సన్-టాడ్‌మన్ సంస్థవి, వాటి ప్రసార హక్కులకి అద్దె కట్టాలి. 1997 అక్టోబర్లో ఆ ఒప్పందం తెగింది. తిరిగి కుదిరేసరికి 1998 ఏప్రిల్. ఆ ఆరు నెలల్ని అభిమానులు ఇప్పటికీ చీకటి కాలం అనే అంటారు.

తర్వాత వచ్చిన రాత్రులు మాత్రం మరచిపోలేను. అందరూ పడుకున్నాక నలుపు తెలుపు వాట్స్ మై లైన్ వేసేవారు. 1950లో సీబీఎస్‌లో మొదలై 1967 దాకా నడిచిన షో, వచ్చినవాళ్లు ఏ పని చేస్తారో ప్యానెల్ ప్రశ్నలడిగి కనుక్కోవాలి. ప్యానెల్‌లో మగవాళ్లు సూటూ బో టై, ఆడవాళ్లు పట్టు గౌన్లు. ప్రముఖుల వంతు వచ్చేసరికి నలుగురూ కళ్లకు గంతలు కట్టుకుంటారు. అతిథి వచ్చి బోర్డు మీద సుద్దతో సంతకం చేస్తారు, హాలంతా చప్పట్లతో దద్దరిల్లుతుంది, ఆ తర్వాత గొంతు మార్చి "అవును", "కాదు" అని మాత్రమే జవాబిస్తారు. ప్రైజ్ చూస్తే పదుల డాలర్లే. అయినా కన్ను ఆర్పబుద్ధి కాదు.

ఇలాంటివి మిగలడమే అదృష్టం. అప్పట్లో టేపు ఖరీదు, వాడినదాని మీదే మళ్లీ రికార్డు చేసేవారు. 1964లో ఆర్ట్ ఫ్లెమింగ్ యాంకర్‌గా మొదలైన అసలు జెపర్డీ క్విజ్ పదకొండేళ్లు నడిస్తే, ఇవాళ చేతికి దొరికేవి అతి కొద్ది. అందుకే మిగిలినవాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తే నాకు మనసు ఒప్పదు.

రాత్రి డ్యూటీ నర్సు

ఫ్యూడ్ మీద అంత కోపం వద్దండీ. మా వార్డులో నిద్ర పట్టని పెద్దవాళ్లు పెట్టమని అడిగేది అదే. మధ్యలో మందు ఇచ్చి, బీపీ చూసి వెళ్లినా ఆట తెగదు. ఎక్కడ కలిసినా అర్థమైపోతుంది. మతిమరుపు ఉన్న ఒకావిడ పేర్లన్నీ మర్చిపోయారు కానీ "ఉదయం లేవగానే చేసే పని ఏమిటి" అని అడిగితే స్క్రీన్ మీద వాళ్లకంటే ముందు జవాబు చెప్పేవారు. ఆ వెలుగు ఆమె ముఖంలో మళ్లీ మందులతో రావడం నేను చూడలేదు.

కాకపోతే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఇంటిల్లిపాదీ చూసే టైము. ఆ రెండు గంటలైనా శుభ్రమైన షో పెట్టమని నేనూ అంటాను.

కరీంనగర్ బిడ్డ

మా బాపు రిటైర్డ్ టీచర్. ఇంగ్లీషు చదువుతడు, వేగంగా మాట్లాడితే మాత్రం అందదు. మా ఇంట్ల తేలింది ఏందంటే, అక్షరాలు తెర మీద కనిపించే షోలే పెద్దోళ్లకు ఇష్టమైతయి. వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ సరే. అమెరికా సేస్ (2018ల మొదలైంది, యాంకర్ జాన్ మైకేల్ హిగ్గిన్స్) ఇంకా మంచిగుంటది. ఒక వాక్యంల ఖాళీ ఇస్తరు, ఏడు జవాబులు, ముప్పై సెకన్లు. జవాబుల మొదటి అక్షరాలు తెర మీదనే ఉంటయి. బాపు పెన్నూ కాగితం పట్టుకొని కూసుంటడు. అసభ్యం ఉండది.

చక్ వూలరీ యాంకర్‌గ చేసిన లింగో (2002 నుంచి 2007) పాత ఎపిసోడ్లు దొరికితే వదలకండి. అయిదు అక్షరాల మాట కనుక్కోవాలె, మొదటి అక్షరం వాళ్లే ఇస్తరు. ఇప్పుడు ఫోన్లల్ల అందరూ ఆడే వర్డిల్ లెక్కనే. చెయిన్ రియాక్షన్ కూడా మాటల ఆటే.

పాస్‌వర్డ్ చూసినంక మా పిల్లలు దాన్ని తెలుగుల ఆడుతున్నరు. ఒక్క మాటతోనే క్లూ ఇయ్యాలె. మొన్న మాట "గోంగూర". బాపు "పులుపు" అన్నడు, మనవడు "చింతపండు" అన్నడు. "ఆకు" అనంగనే దొరికిపోయింది. వాడు ఇక్కడ పుట్టిన పిల్లగాడు, తెలుగు మాట కోసం అట్ల ఎతుకుడు నేను ఎప్పుడూ చూడలేదు.

లెక్కల మనిషి

నేను మీడియా ప్రకటనల రంగంలో ఉన్నాను, ఆ వైపు నుంచి చెప్తాను. కేబుల్ ఛానల్‌కి రాబడి రెండు దారులు: చందాదారుకి ఇంత అని కేబుల్ కంపెనీలు కట్టేది, ప్రకటనలు. కేబుల్ మానేసేవాళ్లు పెరిగేకొద్దీ మొదటిది తగ్గిపోతుంది. అప్పుడు ప్రయోగాలకి చెయ్యి రాదు, ఖాయంగా చూసే షోనే వేస్తారు. మందులూ మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్లాన్ల ప్రకటనలు చూస్తే వాళ్ల ప్రేక్షకులెవరో తెలుస్తుంది.

స్టీవ్ హార్వీ 2010 నుంచి ఫ్యూడ్ చేస్తున్నాడు. ఏటా కొత్త ఎపిసోడ్లు కుప్పలుగా తయారవుతాయి. బొమ్మ అంతా హెచ్‌డీ, సెట్టూ మనిషీ ఒకటే కాబట్టి ఏ సంవత్సరానిది వేసినా పాతదనిపించదు. 70ల మ్యాచ్ గేమ్ వేస్తే తెర రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, కొత్త ప్రేక్షకుడు ఛానల్ తిప్పేస్తాడని వాళ్ల భయం.

ఇంకో కారణం హక్కులు. గుడ్సన్-టాడ్‌మన్ భండారం చేతులు మారి చివరికి ఫ్రీమాంటిల్‌కి చేరింది. వాళ్లు 2015 జూన్ 1న బజర్ అని సొంత ఛానలే పెట్టుకున్నారు. సొంత దుకాణం తెరిచినవాడు మంచి సరుకు పక్క దుకాణానికి ఎందుకిస్తాడు?

పాతబంగారం

లెక్కల మనిషి గారూ, మీ లెక్క కాదనను. కానీ "పాతది వేస్తే తిప్పేస్తారు" అన్నది ఒప్పుకోను. పాతదాన్ని ఎలా వేస్తున్నారన్నది ముఖ్యం.

ఇదే ఛానల్ 2003లో చేసి చూపించింది. 1984లో ఒహాయో నుంచి ఐస్‌క్రీమ్ బండి నడిపే మైకేల్ లార్సన్ ప్రెస్ యువర్ లక్ షోకి వచ్చాడు. బోర్డు మీద పద్దెనిమిది గళ్లు, లైటు వాటి మీద పిచ్చిగా గంతులేస్తున్నట్టు కనిపిస్తుంది; బటన్ నొక్కితే అది ఆగిన గడిలో ఉన్నది ఆటగాడికి. నిజానికి అది తిరిగేది అయిదే అయిదు వరసల్లో. లార్సన్ ఇంట్లో వీసీఆర్ పెట్టుకుని ఆ వరసలు కంఠతా పట్టాడు. ఆట ఎంతకీ ఆగక రెండు ఎపిసోడ్లుగా కోసి వేయాల్సి వచ్చింది. పట్టుకెళ్లింది 1,10,237 డాలర్లు. ఆ టేపులు ఏళ్ల తరబడి మళ్లీ ప్రసారానికి రాలేదు. గేమ్ షో నెట్‌వర్క్ వాటి చుట్టూ డాక్యుమెంటరీ తీసి, అప్పటి వాళ్లతో మాట్లాడించి, కథగా వేసింది. మా ఇంట్లో గేమ్ షోలంటే పడనివాళ్లు కూడా కదలకుండా చూశారు.

వారానికి ఒక్క రాత్రి చాలు. ఒక పాత ఎపిసోడ్, ముందు రెండు నిమిషాలు: ఇది ఏ సంవత్సరం, ఈ అతిథి ఎవరు, ఈ టేపు ఎలా మిగిలింది. ఖర్చెంత అవుతుంది చెప్పండి?

లెక్కల మనిషి

ఖర్చు తక్కువే, ఒప్పుకుంటున్నాను. హక్కులు దొరికినవాటితో అది చేయొచ్చు. పిరమిడ్ వాళ్ల సొంతమే కదా, దానితో మొదలుపెట్టినా బాగుంటుంది.

బెజవాడ వాసి

మనకి తెలుగులో ఇలాంటి ఛానల్ ఒకటి ఉంటే చూడాలని ఉంది. సుమ గారి స్టార్ మహిళ పాత ఎపిసోడ్లు ఒక్కటే వేసినా నెలల తరబడి నడుస్తుంది.

పాతబంగారం

ఇక్కడి హక్కుల కథే అక్కడా అండీ. స్టార్ మహిళ ఈటీవీది. నాగార్జున గారి మీలో ఎవరు కోటీశ్వరుడు 2014లో మాటీవీలో వచ్చింది, ఎన్టీఆర్ ఎవరు మీలో కోటీశ్వరులు 2021లో జెమినీలో. ఎవరిది వాళ్ల దగ్గరే ఉంది. అందరివీ ఒక చోటికి తేవాలంటే ముందు సంతకాలు కావాలి.

కరీంనగర్ బిడ్డ

ప్లేనో అన్నా, ఇంకొకటి మరిచిన. ప్లూటో టీవీల (ఇంటర్నెట్‌ల వచ్చే టీవీ సర్వీసు) 2020 డిసెంబర్ నుంచి ది ప్రైస్ ఈజ్ రైట్ షోకు, బాబ్ బార్కర్ యాంకర్‌గ ఉన్న కాలం ఎపిసోడ్లతోని ఛానల్ ఉంది, ఉచితం. మా అమ్మకు ఇంగ్లీషు రాకున్నా అదే ఇష్టం. సబ్బు, నూనె డబ్బా, ఫ్రిజ్ చూపిచ్చి ధర చెప్పుమంటరు. 80ల ధరలు చూసి "గప్పుడు గింతేనా" అనుకుంట కాస్ట్‌కో (ఇక్కడి పెద్ద దుకాణం) బిల్లుతోని పోల్చుకుంటది.

ప్లేనో నాన్న

చాలా థాంక్స్ అండీ అందరికీ. బజర్ మా కేబుల్ ప్యాకేజీలో కనబడలేదు. యాంటెన్నా కొంటే వస్తుందా?

రాత్రి డ్యూటీ నర్సు

చాలా ఊళ్లలో లోకల్ స్టేషన్ ఉపఛానల్‌గా వస్తుందండీ, నెలకి కట్టేది ఏమీ ఉండదు. మీ జిప్ కోడ్‌తో దగ్గర్లో టవర్లు ఎటువైపు ఉన్నాయో చూసి, యాంటెన్నా ఆ వైపు కిటికీకి పెట్టండి. తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో ఛానల్ స్కాన్ నొక్కండి. మొదటిసారి రాకపోతే యాంటెన్నా కొంచెం జరిపి మళ్లీ స్కాన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఏ ఛానళ్లు దొరికాయో ఇక్కడ రాయండి, చూద్దాం.